పాత 750 వాట్ల మిక్సీ, గుంటూరు కొత్త ఫ్లాట్‌లో

ఇల్లు మారుతూ పాత మిక్సీ ఉంచుకోవాలా, కొత్తది కొనాలా అంటే: మోటారు బాగుంటే కొత్తది కొననక్కర్లేదు. లాగేది మూడు ఆంపియర్ల పైచిలుకే, 6 ఆంపియర్ల సాకెట్టు చాలు. ఎర్త్ మాత్రం ఉండి తీరాలి. జారు కింద నల్లటి పొడి రాలితే జారును మోటారుకు కలిపే కప్లర్ అరిగినట్టు. మోటారులో నిప్పురవ్వలు ఎక్కువైతే దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు రెండూ కలిపి మార్చాలి. జారు అడుగు కారుతోందా, బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్ పోయింది. అలాగే వాడితే తడి మోటారులోకి దిగుతుంది. గోంగూర పచ్చడికి ఢోకా లేదు. దీని ఓపిక తేలేది ఎండుమిర్చి దగ్గరే: జారు సగానికి మించి నింపకుండా, నిమిషం తిప్పి రెండు నిమిషాలు ఆపాలి. భారం ఎక్కువై మధ్యలో ఆగిపోతే మోటారు కాలిందని కంగారొద్దు, చల్లారాక అడుగునున్న ఎర్ర బటన్ నొక్కండి. ఏడాది కారమంతా దీంతోనే అంటే కుదరదు, మిల్లుకే పంపండి. గ్రానైట్ గట్టు మీద జారుతుంటే రబ్బరు కాళ్లు గట్టిపడ్డాయి, మార్పించండి.