పాత డీవీడీలు, వీసీడీలకు వీఎల్‌సీ ప్లేయర్ ఎంతవరకు పనికొస్తుంది?

మా బీరువాలో తమ్ముడి పెళ్లి వీడియో ఉన్న మూడు డీవీడీలు, తెలుగు సినిమాల వీసీడీలు ఓ పదిహేను, ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్క్ పెట్టే అర లేదు కనుక యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటర్ ఒకటి కొని, వాటన్నిటినీ వీఎల్‌సీ మీడియా ప్లేయర్‌లో వేసి చూశాను.

విండోస్ 10లో డీవీడీ పెడితే ఫైళ్లు కనబడతాయి గానీ సినిమా ఆడదు. డ్రైవ్ పాడైందని చాలామంది పొరబడతారు. లైసెన్సు రుసుముల భారం వల్ల మైక్రోసాఫ్ట్ 2012 నాటి విండోస్ 8 నుంచే డీవీడీ ఆడించే సదుపాయాన్ని విండోస్ మీడియా ప్లేయర్‌లోంచి తీసేసింది. పారిస్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలై, 2001 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందుతున్న వీఎల్‌సీలో మాత్రం డీవీడీకి కావలసిన ఎంపెగ్-2, డాల్బీ డీకోడర్లు (డిస్కులోని బొమ్మను, శబ్దాన్ని విప్పి చూపే భాగాలు) ముందే ఉంటాయి కాబట్టి వేరే కోడెక్ ప్యాకుల కోసం వెతకనక్కరలేదు. కంట్రోల్, డి మీటలు కలిపి నొక్కి, డిస్క్ రకాన్ని ఎంచుకుంటే చాలు. మెనూ దగ్గర ఆగిపోయే డిస్కులకు, మెనూలు వద్దనే గడిలో టిక్కు పెట్టి నేరుగా సినిమాకు వెళ్లవచ్చు.

పెళ్లి వీడియోలో ఎవరైనా చెయ్యి కదిపితే అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించాయి. ఆ రోజుల్లో కెమెరాలు ఒక్కో చిత్రాన్ని సరి, బేసి గీతలుగా విడదీసి రికార్డు చేసేవి. పాత టీవీలో అది తెలిసేది కాదు. ఒక్క డి మీట నొక్కగానే ఆ గీతలను కలిపే డీఇంటర్‌లేస్ పనిచేసి తలంబ్రాల ఘట్టం శుభ్రంగా కనబడింది. ఈ ఒక్క మీట సంగతి తెలియక పాత వీడియోలను పారేసేవాళ్లుంటారని నా అనుమానం.

ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే రీజియన్ అనే అంకె డీవీడీలకు ఉంటుంది. అమెరికాలో కొన్న డీవీడీలు సాధారణంగా రీజియన్ 1వి, మన దేశానిది రీజియన్ 5. విండోస్ అడిగిందని డ్రైవ్ రీజియన్ మార్చకండి, ఎందుకంటే అయిదుసార్లు మార్చాక అది శాశ్వతంగా బిగుసుకుపోతుంది. వీఎల్‌సీ చాలావరకు రీజియన్‌తో పని లేకుండానే డిస్క్ తాళం విప్పుకుంటుంది, తెరవడానికి కొంచెం సమయం తీసుకున్నా సరే. దీనికి సహకరించని డ్రైవులూ ఉన్నాయి.

వీసీడీల విషయంలో నా ఉత్సాహం కొంత తగ్గింది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు (డిస్కుపై సమాచారం రాసే చిన్న ముక్కకు) 2048 బైట్ల సమాచారం, దానికి తోడు తప్పులు సరిదిద్దే అదనపు కోడ్ ఉంటాయి. వీసీడీలో ఆ కోడ్‌కు బదులు కూడా వీడియోనే నింపి 2324 బైట్లు చేశారు. అందుకే చిన్న గీత పడినా బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది. దీనికి ప్లేయర్‌ను తిట్టి లాభం లేదు. వీసీడీలోని ఎంపెగ్ఏవీ (MPEGAV) ఫోల్డరులో ఉండే .DAT వీడియో ఫైలును హార్డ్ డిస్కులోకి కాపీ చేసి చూడండి: కాపీ కూడా మధ్యలో ఆగితే లోపం డిస్కుదో డ్రైవుదో, కాపీ సాఫీగా పూర్తయి, ఆ ఫైలు కూడా చక్కగా ఆడితే డిస్క్ తెరిచేచోట క్యాషింగ్ (ముందుగా చదివి పెట్టుకునే సమయం) విలువను 300 మిల్లీసెకన్ల నుంచి 1500కు పెంచితే తడబాటు తగ్గుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచేటప్పుడు గుండ్రంగా కాక, మధ్య నుంచి అంచుకు తుడవాలి.

కొన్న బ్లూరే డిస్కుల కోసమైతే వీఎల్‌సీని నమ్ముకోవద్దు. వాటి తాళం చెవులు వీఎల్‌సీతో రావు. డిస్క్ చదవలేకపోయినప్పుడు కారణమేమిటో సరిగా చెప్పకపోవడం ఇంకో లోటు. మా మూడో డీవీడీ తెరుచుకోనప్పుడు గంటసేపు సెట్టింగులు మార్చాను. చివరికి రైటర్‌ను యూఎస్‌బీ హబ్ నుంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలిస్తే, కరెంటు చాలినంత అంది, అప్పగింతల దాకా ఆగకుండా ఆడింది.