క్రోనీ: విజయనగరం ల్యాబులకి సరిపడే టైం ప్రోగ్రాం, చదవడం తెలిస్తే

కరెంటు పోయి వచ్చాక విజయనగరంలో ఏ కాలేజీ ల్యాబులో చూసినా ముందు కంప్యూటర్లు లేస్తాయి, రూటర్‌కి నెట్ తర్వాతెప్పుడో వస్తుంది. మదర్‌బోర్డు మీద గుండీ బ్యాటరీ, అదే సీఆర్ 2032, అయిపోయిన సిస్టంలో ఈలోగా పాత తేదీయే నడుస్తుంటుంది. బ్రౌజర్ తెరిస్తే సర్టిఫికెట్ చెల్లదంటుంది. ఇలాంటి చోటికి లినక్స్‌లో ఉచితంగా దొరికే క్రోనీయే సరైనది, నెట్‌లోని టైం సర్వర్లని అడిగి గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాం ఇది. డెబియన్, ఫెడోరా అనే లినక్స్ రకాల్లో దాని సెట్టింగ్స్ ఫైల్లో ‘మేక్‌స్టెప్ 1 3’ అనే వరస ముందే ఉంటుంది. తేడా ఒక సెకను దాటితే, మొదటి మూడు దిద్దుబాట్లలో గడియారాన్ని ఒక్క దూకులో సరిచేయమని దానర్థం. ఆ మూడు అనేది నిమిషాల లెక్క కాదు, దిద్దుబాట్ల లెక్క. అందుకే నెట్ అరగంట ఆలస్యమైనా ఆ అవకాశం అలాగే మిగిలి ఉంటుంది. ఇదే పని చేసే పాత ప్రోగ్రాం ఎన్‌టీపీడీ అయితే తేడా 1000 సెకన్లు మించితే, హైఫన్ జీ అనే ఆప్షన్ ఇవ్వకపోయుంటే, పని మానేసి బయటికి వచ్చేస్తుంది.

ఇక అసలు సంగతి, అది చూపించే స్థితి. టెర్మినల్లో ‘క్రోనీసీ సోర్సెస్’ అనే కమాండ్ కొట్టగానే సర్వర్ల పట్టిక వస్తుంది, అందులో చాలామంది చూసేది పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉందా లేదా అనే. నక్షత్రం ఉన్న సర్వరునే ఇప్పుడు అనుసరిస్తోంది. ప్లస్ ఉన్నవాటినీ లెక్కలో కలుపుకుంటోంది. మైనస్ అంటే మంచిదే గానీ ప్రస్తుతానికి పక్కన పెట్టింది. ఎక్స్ పడితే ఆ సర్వరు మిగతావాటితో పొసగని టైం చెబుతోంది. సర్వర్లు రెండే ఇచ్చి, అవి చెరో మాట చెబితే ఏది తప్పో తేల్చడం కుదరదు. కనీసం మూడు పెట్టండి, నాలుగైతే ఇంకా నయం. గుర్తులు మరిచిపోతే ‘సోర్సెస్’ తర్వాత హైఫన్ వీ చేర్చండి, వాటి అర్థాలు పైనే అచ్చవుతాయి.

నక్షత్రం కన్నా ముందు చూడాల్సింది అదే పట్టికలో రీచ్ అనే నిలువు వరస. అది మామూలు అంకె కాదు, ఆక్టల్, అంటే 0 నుంచి 7 దాకా అంకెలతోనే రాసే లెక్క. చివరి ఎనిమిది ప్రయత్నాల్లో వేటికి జవాబు వచ్చిందో ఎనిమిది బిట్లలో దాస్తుంది, కొత్తది కుడి చివర చేరుతుంది. మొదలెట్టినప్పుడు 1, 3, 7, 17, 37, 77, 177 అంటూ పెరిగి 377 దగ్గర నిలిస్తే అన్నీ అందినట్టే. మధ్యలో ఒక్క ప్యాకెట్ పోతే 376, తర్వాత 375, 373, 367... అలా ఎడమకి జరుగుతూ పోయి మళ్లీ 377కి వస్తుంది. ఈ అంకెలు మారుతుంటే నెట్ పదే పదే తెగుతోందనుకుని కంగారు పడతారు గానీ అన్నిటికీ కారణం పోయిన ఆ ఒక్క ప్యాకెటే. ఎంతసేపటికీ సున్నానే ఉంటే మాత్రం రూటర్లోనో ఫైర్‌వాల్లోనో యూడీపీ 123 పోర్టు మూసుందేమో చూడాలి. సర్వరుని ఎంతసేపటికోసారి అడుగుతుందో చెప్పే పోల్ దగ్గర 6 అంటే 64 సెకన్లు, 10 అంటే 1024. ఆ అంకె 2 మీద ఉండే ఘాతం.

ఈ ప్రోగ్రాంలో నాకు నచ్చనిది ఆ పట్టికలో చివరి నిలువు వరస. ఒకే చోట మూడు అంకెలు ఇరికించారు. మొదటిది ఇప్పటిదాకా చేసిన దిద్దుబాటు కలుపుకున్న తేడా, చదరపు బ్రాకెట్లో ఉన్నది కొలిచినప్పటి తేడా, ప్లస్ మైనస్ తర్వాతది పొరపాటుకి ఉన్న హద్దు. ముందు ప్లస్ ఉంటే మన గడియారం సర్వరు కన్నా ముందుంది. ఎన్‌టీపీడీ స్థితి చూపించే పాత ఎన్‌టీపీక్యూలో ఇది సరిగ్గా తలకిందులు, అక్కడ ప్లస్ అంటే మనమే వెనకున్నాం. రెండూ వాడేవాళ్లు తప్పక పొరబడే చోటు ఇదే.

ఆ హద్దుని తేలిగ్గా తీసుకోకూడదు. వెళ్లిరావడానికి పట్టిన సమయంలో సగం పోవడానికి, సగం రావడానికి అని లెక్క వేసుకుంటారు. మొబైల్ నెట్‌లో పోవడానికి 80 మిల్లీసెకన్లు, రావడానికి 20 పడితే, స్క్రీన్ మీద తేడా సున్నా కనిపిస్తున్నా నిజానికి 30 మిల్లీసెకన్ల తప్పు ఉంటుంది.

మన గడియారం స్థితి చెప్పే ‘క్రోనీసీ ట్రాకింగ్’ కమాండ్‌లో రెఫ్ టైం మన టైం కన్నా అయిదున్నర గంటలు వెనక కనిపిస్తుంది. అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, తప్పేమీ లేదు. ఫ్రీక్వెన్సీ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) స్లో అంటే వదిలేస్తే రోజుకి సుమారు 1.7 సెకన్లు వెనకబడే గడియారమని. ఏసీ లేని గదిలో మే నెల ఎండకి ఈ అంకె మారడం సహజం, గడియారాన్ని నడిపే స్ఫటికం వేడికి అలాగే స్పందిస్తుంది. లీప్ స్టేటస్ దగ్గర ‘నార్మల్’ ఉండాలి.

ల్యాబుకి ఒక్క సిస్టంలో, సెట్టింగ్స్ ఫైల్లోని ‘అలౌ’ వరసలో మీ నెట్‌వర్క్ రాసి, మిగతావాటికి దాన్నే సర్వరుగా ఇవ్వండి. నెట్ లేకపోయినా తన టైమే ఇవ్వమని చెప్పే ‘లోకల్ స్ట్రాటం 10’ కూడా చేరిస్తే తుపాను రోజుల్లో నెట్ లేకపోయినా అన్నీ ఒకే టైంలో ఉంటాయి. నడుస్తుండగా ఎవరైనా గడియారాన్ని గంట మార్చేస్తే క్రోనీ దూకించదు, నెమ్మదిగా జరుపుతుంది. గరిష్ఠ వేగంలోనే ఒక సెకను తేడా సరిచేయడానికి 12 సెకన్లు చొప్పున గంట తేడాకి 12 గంటలు పడుతుంది. అప్పుడు రూట్ అధికారంతో ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ ఒక్కసారి కొట్టండి.