ఈ కొండ మీద ఉన్నది ఏ అడవి? కోడ్, శాటిలైట్, తాడు: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా మందస నుంచి మహేంద్రగిరి వైపు చూస్తే కొండలు వరసకట్టి ఉంటాయి. దగ్గరివి కాస్త బోడిగా, వెనకవి నల్లగా. జీవవైవిధ్య చట్టం (2002) కింద ఊరి చెట్టూచేమా, జీవాల వివరాలు రాసిపెట్టడానికి పంచాయతీల్లో తయారయ్యే రిజిస్టర్ పనికి సాయంగా కాలేజీ కుర్రాళ్లతో ఆ పక్క తిరిగాను. మేం గీసుకున్న పట్టికలో "అడవి రకం" అన్న గడి దగ్గరే బండి ఆగిపోయింది. ఒకడు ఫోన్లో మ్యాప్ తీసి "ఓపెన్ ఫారెస్ట్ సార్" అన్నాడు. ఇంకొకడు నోట్సు తిరగేసి "5/డీఎస్1" అన్నాడు. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నిలబడి మా గొడవంతా విని, "అడవేటి బాబూ, ఒట్టి తుప్పలు" అనేసి వెళ్లిపోయాడు.

ముగ్గురిదీ అబద్ధం కాదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పారు, అంతే.

అడవి రకం తేల్చడానికి నాకు తెలిసిన దారులు మూడు: 5/డీఎస్1 లాంటి అటవీశాఖ కోడ్, శాటిలైట్ మ్యాప్, నేల మీద తాడుతో చదరం గీసి మొక్కలు లెక్కపెట్టడం. ముందు కోడ్ సంగతి. మన దేశంలో అటవీశాఖ వాళ్లు వాడే వర్గీకరణ హ్యారీ ఛాంపియన్ 1936లో వేసినది. దాన్నే 1968లో ఎస్.కె. సేథ్‌తో కలిసి సవరించారు. మొత్తం 16 పెద్ద వర్గాలు. వేడి, వాన చూసి ముందు వర్గం తేలుస్తారు, ఆ తరవాత అడవి ఆకారం, చెట్ల జాతులు చూస్తారు. మనకు ముఖ్యంగా పనికొచ్చేవి రెండు: మూడోది తేమ ఆకురాల్చే అడవి, ఐదోది పొడి ఆకురాల్చే అడవి. ఒడిశా కొండల వెంబడి దిగివచ్చే గుగ్గిలం చెట్టు (సాల్ అన్నా అదే) మన ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి దాదాపు ఆగిపోతుంది. ఇలాంటి సంగతి పట్టుకోవడానికి ఈ పద్ధతికి మించింది లేదు.

నాకు ఇందులో నచ్చేది అంకెలు కాదు, వాటి పక్కనుండే అక్షరాలు. "సి" ఉంటే అక్కడి వాతావరణం కొద్దీ నిలిచిన అడవి. "ఈ" ఉంటే నేల స్వభావం వల్ల అలా తయారైంది. "డీఎస్" అంటే నరుకుడు, మేపు, మంటల వల్ల చెడిన దశ. అంటే 5/డీఎస్1 అని రాసినవాడు తుప్పలను చూసి వర్ణించి ఊరుకోలేదు. ఇక్కడ ఒకప్పుడు ఆకురాల్చే అడవి ఉండేదనీ, దాన్ని మనుషులే ఇలా చేశారనీ తీర్పు కూడా చెప్పేశాడు.

చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రతి తుప్పా చచ్చిన అడవి కాదు. రామతీర్థం బోడికొండ లాంటి రాతి వాలు మీద, జానెడు మట్టి కూడా లేనిచోట, పొదలే సహజం కావచ్చు. దానికి "చెడిన దశ" అని ముద్ర వేస్తే తరవాతి ఫైలు ఏమిటో ఊహించుకోండి: గుంటలు తవ్వి మొక్కలు నాటడం, అదీ ఎక్కువగా ఒకే రకం. రెండో లోపం, ఈ కోడ్ మరీ పెద్ద గంప. పుణ్యగిరిలో నీళ్లు జారే గెడ్డ ఒడ్డున ఉన్న పచ్చదనం, అదే కొండకు ఎండ తగిలే వైపున్న చెట్లు ఒకే గంపలో పడిపోతాయి.

ఇక శాటిలైట్. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి రెండేళ్లకోసారి నివేదిక తెస్తోంది. లెక్క సులువు: ఆకుల గొడుగు నేలను 70 శాతం, అంతకు మించి కప్పితే చాలా దట్టం, 40 నుంచి 70 మధ్యస్థం, 10 నుంచి 40 పలచన (కుర్రాడు చెప్పిన ఓపెన్ ఫారెస్ట్ ఇదే), 10 లోపు పొద అడవి. జిల్లా మొత్తం ఒకే చూపులో కనపడుతుంది. పోయిన నివేదికకూ దీనికీ తేడా పట్టుకోవచ్చు.

వాళ్లు అక్టోబర్–డిసెంబర్ చిత్రాలనే ఎందుకు ఎంచుకుంటారో నా తప్పు వల్లే నాకు బాగా తెలిసింది. ఒకసారి ఏప్రిల్‌లో ఒక కొండెక్కి, మోళ్లు చూసి "పొద అడవి" అని రాసేశాను. వానలు పడ్డాక వెళ్తే అదే చోట తలెత్తితే ఆకాశం సరిగ్గా కనపడలేదు. ఆకురాల్చే చెట్ల దగ్గర ఎండాకాలంలో తీర్పు చెప్పకూడదు.

అయితే శాటిలైట్ లెక్కకు జాతితో పని లేదు. ఒక హెక్టారు ఉండి, పది శాతం పైన గొడుగు ఉంటే అది అటవీ విస్తీర్ణమే. నాటిందా, మొలిచిందా, ఎవరి భూమి అన్నది చూడరు. ఉద్దానం జీడి తోటలు, కొబ్బరి తోటలు, తీరంలోని సరుగుడు అన్నీ ఈ లెక్కలో అడవి కిందకు రావచ్చు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస పక్క కూల్చింది జీడి, కొబ్బరి చెట్లను. అది రైతు కొంప కూలిన సంగతి. అలాంటి నష్టాన్ని "అడవి తగ్గింది" అని చదువుకుంటే రైతు కష్టమూ కనపడదు, అడవి సంగతీ తెలియదు. దూరం దూరంగా చెట్లు ఉండడమే సహజమైన చోట కూడా "పలచన" అన్న మాట పడగానే ఏదో లోటున్నట్టు వినిపిస్తుంది.

మూడోది తాడు. పది మీటర్ల చదరం గీసి చెట్లు, లోపల ఐదు మీటర్ల చదరంలో పొదలు, ఒక మీటరు చదరంలో గడ్డి, చిన్న మొక్కలు లెక్కపెట్టాలి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే గుండె దగ్గర కొలుస్తారు. ఏ జాతి ఎన్ని ఉంది, ఎన్ని చదరాల్లో కనపడింది, ఎంత లావుంది అన్న మూడూ శాతాలుగా కలిపితే మొత్తం 300. అందులో ఎక్కువ వాటా దేనిదో ఆ అడవి దాని పేరుతోనే ఉంటుంది: నల్లమద్ది–చిరుమాను అడవి, రేగు–బలుసు–కలివి తుప్పలు, అలా.

పని మాత్రం నడుం విరగ్గొడుతుంది. ముళ్లు, చెమట, మధ్యాహ్నానికి కుర్రాళ్ల మొహాలు వాడిపోవడం. ఇంకో ప్రమాదం కూడా ఉంది, నీడ బాగున్న చోటే చదరం గీయాలనిపిస్తుంది! అందుకే ముందే కాయితం మీద చోట్లు గుర్తు పెట్టుకుని, ముళ్లున్నా అక్కడికే వెళ్లాలి. ఇంత చేసినా ఒక రకం అడవి ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేం. మొక్కల సమూహం ఒకే శరీరంలాంటిదని 1916లో క్లెమెంట్స్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త అన్నాడు. కాదు, ఏ జాతి దారి దానిదేనని 1926లో అక్కడివాడే గ్లీసన్ అన్నాడు. కొండ మీద నిలబడితే నాకు గ్లీసనే నెగ్గినట్టు అనిపిస్తుంది.

ఇన్ని కష్టాలున్నా నా ఓటు తాడుకే, ఒక కారణంతో. తాడు పట్టి పొదల్లో వంగితేనే నరికిన చెట్ల మోడులు కనపడతాయి. గుగ్గిలం, టేకు నరికినా మోడు నుంచి మళ్లీ చిగురు వేస్తాయి. తునికి వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. రేగు పొదల మధ్య ఆ చిగుళ్లు దొరికితే "డీఎస్" నిజం, అది చెడిన అడవే. కొన్నాళ్లు మేకలనూ మంటనూ ఆపితే, ఒక్క మొక్క నాటకుండా తిరిగి లేవచ్చు. మోడు లేదు, పిలక లేదు, రాయి పైకి తేలి ఉందంటే అవి సహజంగా పుట్టిన తుప్పలై ఉండడానికే అవకాశం ఎక్కువ. గుంటలు తవ్వే ముందు ఆగాలి. కోడ్ చెప్పిన కథ నిజమో కాదో తేల్చేది తాడే. జిల్లా స్థాయిలో ఏళ్లవారీగా చూడాలంటే మాత్రం తాడు ఎన్ని జన్మలకూ చాలదు, అక్కడ శాటిలైటే.

పెద్దాయన మాటనూ వదలలేదు. మెట్ట, తుప్పలు, గెడ్డ, నీళ్లు నిలిచే పల్లపు నేలలైన బీల, తంపర: మన పక్క నేల రకాలకున్న ఈ పేర్లు ఏ కోడ్‌లోనూ లేవు. థర్మల్ ప్లాంటు పెడతామన్నప్పుడు సోంపేట బీల బంజరా, చిత్తడి నేలా అని 2010లో ఎంత గొడవైందో గుర్తుంటే, ఊరి పేరును రిజిస్టర్‌లో ఎందుకు రాయాలో వేరే చెప్పక్కర్లేదు.

మా గడిలో చివరికి రాసింది ఇది: "తుప్పలు. రేగు, బలుసు ఎక్కువ. ఐదు చదరాలకు మూడింటిలో తునికి పిలకలు. కోడ్ 5/డీఎస్1." దాని కింద పెన్సిల్‌తో ఒక కుర్రాడు చేర్చాడు: "వానల తర్వాత మళ్లీ చూడాలి."