గోడ కట్టిన అమెరికా, గుర్తులు తీయించే ఫ్రాన్స్, అన్ని మతాల్లో చెయ్యి పెట్టే మన సర్కారు: మైనారిటీకి ఏది మేలు?

మతం జోలికి పోమని చెప్పే ప్రభుత్వాలు చాలానే ఉన్నాయి. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: తరగతిలో అందరిదీ ఒక మతం, తనొక్కడిదే వేరే మతం అయిన పిల్లవాడికి అక్కడ ఏం జరుగుతుందన్నది.

అమెరికా సంగతి చూద్దాం. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం వెళ్లింది కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు. ఆ రాష్ట్రంలో అప్పట్లో కాంగ్రెగేషనల్ చర్చిదే పెత్తనం, బాప్టిస్టులు కొద్దిమంది. ప్రభుత్వం పెద్ద చర్చి పక్షాన నిలబడితే చిన్న చర్చికి ఊపిరాడదని అనుభవించి తెలుసుకున్న భక్తులు వాళ్లు. గోడ అంటే దేవుడంటే గిట్టనివాళ్ల కోరిక అనుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ గోడ మొదటినుంచీ గట్టిగా ఏమీ లేదు. జెండా వందనం తమ విశ్వాసానికి విరుద్ధమన్న యెహోవా సాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖ పిల్లల్ని బడి నుంచి పంపేస్తే తప్పులేదని 1940లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. తర్వాత చాలాచోట్ల వాళ్ల మీద దాడులు జరిగాయి. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మంచి ఊపు మీదున్న రోజుల్లో, అదే కోర్టు తన తీర్పును తనే కొట్టేసి, బలవంతపు వందనం చెల్లదంది. 1962లో న్యూయార్క్ బడుల్లో అధికారులు రాసిచ్చిన ప్రార్థన కూడా ఆగిపోయింది. అందులో ఏ మతం పేరూ లేదు, ఇష్టంలేని పిల్లలు ఊరుకోవచ్చు కూడా. అయినా కోర్టు ఒప్పుకోలేదు. తరగతంతా చేతులు జోడించి నిలబడితే ఒక్క పిల్లవాడు 'నేను చెయ్యను' అనడం ఎంత కష్టమో ఆలోచిస్తే, ఈ తీర్పు విలువ తెలుస్తుంది. ఆట అయ్యాక మైదానంలో ప్రార్థన చేసిన బడి కోచ్‌ను 2022లో కోర్టు సమర్థించడంతో గోడకు బీట పడిందనే నా అభిప్రాయం.

ఫ్రాన్స్‌లో 1905 చట్టం చర్చిని ప్రభుత్వం నుంచి విడదీసింది. అంతవరకు బాగానే ఉంది. 2004లో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను నిషేధించారు. కాగితం మీద అందరికీ ఒకటే రూలు. చిన్న శిలువ మెడలో వేసుకుంటే ఎవరూ ఏమనరు, తలపాగాను ఎక్కడ దాచాలి? సిక్కు పిల్లల్ని బడి మాన్పించారు. వారిలో ఒకరి విషయంలో ఫ్రాన్స్‌దే తప్పని 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ తేల్చింది. మూడింటిలో అట్టడుగున నేను పెట్టేది ఈ పద్ధతినే.

మన దగ్గర గోడ లేదు. గుళ్ల మీద దేవాదాయ శాఖ, మసీదు ఆస్తుల మీద వక్ఫ్ బోర్డు, పాస్టర్లకూ ఇమాములకూ గౌరవ వేతనం. ఇచ్చే చెయ్యి రేపు బిగించుకోనూవచ్చు, అదే నా భయం. కానీ మన రాజ్యాంగంలో 30వ అధికరణం ఉంది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకోవచ్చు, సాయం చేసేటప్పుడు ప్రభుత్వం వాటిపై వివక్ష చూపకూడదు. క్రైస్తవులు పెట్టిన గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ లాంటి వాటిలో అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు. సమాజంగా నిలదొక్కుకోవడానికి ఇంత స్పష్టమైన హామీ అమెరికా రాజ్యాంగంలో లేదు.

జాతీయగీతం పాడని ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లల్ని 1985లో కేరళలో బడి నుంచి తీసేశారు. పాట వచ్చినప్పుడల్లా వాళ్లు మర్యాదగా లేచి నిలబడేవారు, పెదవి కదిపేవారు కాదు, అంతే. హైకోర్టులో ఓడారు. 1986లో సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి, అమెరికా 1943 తీర్పును కూడా ప్రస్తావిస్తూ, వాళ్లను మళ్లీ చేర్చుకోమన్నారు. లేచి నిలబడితే గౌరవం ఇచ్చినట్టేనని, పాడి తీరాలనే చట్టం లేదని చెప్పారు.

ఇంత మంచి తీర్పున్న దేశంలోనే తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. మాల, మాదిగ కుటుంబం చర్చిలో చేరితే సర్టిఫికెట్ బీసీ-సి అవుతుంది, దానికి దక్కే రిజర్వేషన్ 1 శాతం. పేట మారదు, ఊళ్లో చూసే చూపు మారదు. అందుకే కాగితం మీద హిందువుగా ఉంటూ ఆదివారం చర్చికి వెళ్లే ఇళ్లు ఎన్నో. అమెరికాలో జనాభా లెక్కలవాళ్లు కూడా మతం అడగరు.

నన్నడిగితే, ఒక్క పిల్లవాడి మనస్సాక్షికి అమెరికా పద్ధతే మేలు. సమాజం తన బడులు తను నడుపుకోవడానికి మన 30వ అధికరణమే మేలు. రెండూ కలిపి కావాలంటే మనం ముందు మార్చాల్సింది 1950 ఉత్తర్వును. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది, చేయాల్సింది కేంద్రం.