28 స్పోకుల వెనక చక్రమున్న సైకిలుతో మూడేళ్లు

ఈ సైకిలు కొన్న కొత్తలో టీ కొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడి చేతా ఒంటి చేత్తో ఎత్తించాను. అంత తేలిక. ఆ తేలిక కోసం ఎక్కడ పొదుపు చేశారో తెలిశాక ఎవరినీ ఎత్తమనడం లేదు.

ఫ్రేము, సీటు, బ్రేకుల గురించి అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. గేర్లు 24 ఉన్నాయి. మా గోదావరి డెల్టాలో నాలుగుతో సరిపోతుంది. మనకు కొండలు లేవు, సముద్రం నుంచి వచ్చే ఎదురుగాలే కొండ. నా గొడవంతా వెనక చక్రంతోనే.

మన ఊళ్లలో ధాన్యం బస్తాలు మోసిన పాత నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు. దూర ప్రయాణాలకని కొన్న నా సైకిలుకు వెనక 28. కొట్టతన్ని అడిగితే, ‘‘ఇప్పుడు రిమ్ములు గట్టివండీ’’ అన్నాడు. నా బరువు 84 కిలోలనీ, క్యారియర్ మీద మరో 15 కిలోలు వేస్తాననీ అతనికి చెప్పలేదు. ఆ తప్పు నాదే.

మొదటి ఏడాది కాలువ గట్ల మీద ఎంత తొక్కినా కిక్కురుమనలేదు. రెండో ఏడాది సంక్రాంతి వెళ్లాక రాజమండ్రి నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్లి, గౌతమి దాటి ముక్తేశ్వరం రేవులో దిగాను. దిగి నడిపించుకోవలసిన చోట పౌరుషానికి పోయి తొక్కుతూ గట్టెక్కాను. టంగుమని వెనక స్పోకు ఒకటి తెగింది. వెనక రిమ్ము ఎడమకు జరిగి బ్రేకు రబ్బరును రాసుకుంటోంది.

గేరు పళ్లచక్రాలకు చోటివ్వాలి కాబట్టి కుడివైపు స్పోకులు నిటారుగా ఉంటాయి, ఎడమవాటి కన్నా ఎక్కువ బిగువులో ఉంటాయి. తెగితే సాధారణంగా అవే తెగుతాయి, చక్రం నడిమి హబ్బు దగ్గరి వంపులో. కొత్తది వేయాలంటే ముందు పళ్లచక్రాలు విప్పాలి, దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. నా సంచిలో పంక్చర్ సామాను ఉంది, గొలుసు విప్పేది ఉంది. అది లేదు.

సైకిలు నెట్టుకుంటూ వెళ్తే అయినవిల్లి దారిలో ఒక పాకలో రిపేరు కొట్టు కనిపించింది. పెద్దాయన చక్రం తిప్పి చూసి, ‘‘ఇంతేనా బాబూ పుల్లలు?’’ అన్నారు. ఆ పనిముట్టు ఆయన దగ్గరా లేదు. డబ్బాలోంచి కాస్త పొడవైన స్పోకు తీశారు, తల కత్తిరించారు, పట్టకారుతో కొసను మెలిక తిప్పారు. ఆ మెలికను హబ్బు చిల్లులోకి పక్కనుంచి దూర్చేశారు. పళ్లచక్రాలు విప్పనే లేదు! మర కూడా నా నిపుల్‌కు (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టుకు) పట్టింది, నా అదృష్టం. బెండు తీస్తూ ఒక్కో స్పోకునూ వేలితో మీటి, ‘‘ఏ రెండూ ఒకలా మోగడం లేదు. ఇది మిషను బిగించిన చక్రం’’ అన్నారు. సగం సామాను హ్యాండిల్‌కు కట్టించి గానీ కదలనివ్వలేదు. తీసుకున్నది 50 రూపాయలు. ఆ మెలిక అంతర్వేది దాకా, అక్కడినుంచి సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం దాకా నిలబడింది.

ఇంటికొచ్చాక 36 స్పోకుల హబ్బు, గట్టి రిమ్ము కొని చేత్తో అల్లించాను. సైకిలు ధరలో నాలుగో వంతు దానికే అయింది. అప్పటినుంచి ఒక్కటీ తెగలేదు. అయితే బరువు ముందుకూ వెనక్కీ పంచుతున్నాను, టైర్లు కూడా వెడల్పువి వేశాను. ఘనతంతా ఆ ఎనిమిది స్పోకులదే అని ఒట్టేయలేను.

కొనవచ్చా అంటే, మీరు 60 కిలోలుండి, సామాను చిన్న సంచికి మించకపోతే ఆ 28తోనే ఏళ్లు గడవవచ్చు. నాలాంటి వాళ్లు కొనేటప్పుడే చక్రం ఖర్చు కలుపుకోండి. మారేడుమిల్లి ఘాటు ఎక్కే ఆలోచన ఉంటే ఆ 24 గేర్లూ అవసరమే, వాటిని వెక్కిరించిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేవు గట్టు మాత్రం ఇప్పటికీ దిగి నడిపించుకునే ఎక్కుతాను.