వేసవి సంగీత శిబిరమా, సంఘంలో వారం వారం సాధనా: యౌవనస్థులకు ఏది మేలు?

క్రైస్తవ యౌవనస్థుల కోసం సెలవుల్లో నడిపే వారం రోజుల సంగీత శిబిరానికి వెళ్లడం మేలా, లేక సొంత సంఘంలో వారానికొకసారి జరిగే గాయక బృందం సాధనకు మానకుండా హాజరు కావడం మేలా అన్నది తల్లిదండ్రులూ కాపరులూ ఏటా అడిగే ప్రశ్న. గంటల లెక్క మాత్రమే చూస్తే శిబిరానిదే పైచేయి. రోజుకు 5 గంటల చొప్పున 5 రోజులు సాధన చేస్తే 25 గంటలవుతాయి. వారానికి గంట చొప్పున ఆ లెక్కను అందుకోవడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. అయితే సంగీతంలో కొన్ని విద్యలు గంటల తరబడి కలిసి కూర్చుంటే వస్తాయి, మరికొన్ని రోజులు గడిస్తేనే వస్తాయి. ఈ తేడా తెలియక పంపినందువల్లనే చాలామంది పిల్లలు శిబిరం నుంచి నిరాశతో తిరిగి వస్తారని నా అభిప్రాయం.

గిటారు సంగతే చూడండి. మొదటిసారి గిటారు పట్టినవారికి తీగలు నొక్కీ నొక్కీ ఎడమచేతి వేళ్ల కొనలు రెండో రోజుకే మండుతాయి. అక్కడి చర్మం గట్టిపడి కాయలు కాయడానికి కొన్ని వారాలు కావాలి, ఆలోగా శిబిరమే ముగిసిపోతుంది. ఒక్కసారిగా నేర్చినదానికంటే విడతలు విడతలుగా వల్లె వేసినది ఎక్కువ కాలం నిలుస్తుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే చూపించాడు. చేతికి అలవాటు కావలసిన కీబోర్డు, డ్రమ్స్ వంటి వాద్యాలకు కూడా ఇదే వర్తిస్తుంది. కనుక వాద్యం కొత్తగా మొదలుపెట్టేవారికి సంఘంలోని వారపు సాధన, దానితోపాటు ఇంట్లో రోజూ పావుగంట అభ్యాసం, నిస్సందేహంగా మేలు. గొంతు మారే వయసులో ఉన్న అబ్బాయిల విషయంలో కూడా నేను జాగ్రత్తే చెబుతాను. రోజంతా ఎత్తు స్వరాల్లో పాడించే శిబిరమైతే నాలుగో రోజుకు గొంతు బొంగురుపోతుంది. గొంతుకు విశ్రాంతినిచ్చి, ఆ సమయంలో వినడం, స్వరలిపి చదవడం నేర్పుతారో లేదో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

కలిసి పాడడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం శిబిరానికి సాటి లేదు. చాలా సంఘాలలో సాధన అంటే వచ్చే ఆదివారపు పాటలను సిద్ధం చేసుకోవడమే, అందరూ ఒకే రాగాన్ని పాడడమే. సొప్రానో (ఎత్తైన స్త్రీ గొంతు), ఆల్టో (తగ్గు స్త్రీ గొంతు), టెనార్ (ఎత్తైన పురుష గొంతు), బేస్ (తగ్గు పురుష గొంతు) అనే నాలుగు భాగాలకు సరిపడా మనుషులు అక్కడ దొరకడమే కష్టం. శిబిరంలో అన్ని గొంతులూ ఒకే గదిలో ఉంటాయి. అంతవరకు ప్రధాన రాగమే పాడుతూ వచ్చిన ఒక అమ్మాయికి అక్కడ ఆల్టో భాగం ఇచ్చారనుకుందాం. బేస్, సొప్రానో ‘డో’ (మన ‘స’) పాడుతుండగా, టెనార్ ‘సో’ (‘ప’) అందుకోగా, ఈమె నిలపవలసినది ‘మీ’ (‘గ’). మొదటి రెండు రోజులు పక్కవారి స్వరం చెవిన పడగానే తెలియకుండానే అటు జారిపోతుంది. ఆమె జారిన మరుక్షణం ఆ స్వరమేళంలో, అంటే ఒకేసారి పలికే ఆ స్వరాల కలయికలో, నిండుదనం పోతుంది, అది ఉల్లాసమైనదో విషాదమైనదో చెప్పే స్వరమే లేకుండా పోతుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అదే మనుషుల మధ్య నిలబడి పాడగా పాడగా, నాలుగైదు రోజులకు ఇద్దరు సొప్రానోల నడుమ నిలుచున్నా తన ‘మీ’ని వదలదు. పక్కవారిని వింటూనే తన స్వరాన్ని కాపాడుకొనే ఆ నేర్పు వారానికి గంట సాధనతో రావడం చాలా అరుదు, ఎందుకంటే పట్టు చిక్కేలోపే మళ్లీ వారం గడిచిపోతుంది.

బైబిలులోని మొదటి దినవృత్తాంతముల 25వ అధ్యాయం ఈ సందర్భంలో నాకు ఎంతో ప్రియమైనది. దేవాలయ సేవకు నియమితులైన గాయకులు 288 మంది; పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే భేదం లేకుండా వారు వంతుల కోసం చీట్లు వేసుకొన్నారని అక్కడ చదువుతాము. మంచి శిబిరంలో ఆ దృశ్యం కనిపిస్తుంది: ఉదయం పాఠం చెప్పినవారే సాయంత్ర ఆరాధనలో తమ విద్యార్థుల పక్కన నిలబడి వరుసలో ఒకరుగా పాడతారు. వాక్యధ్యానం, ప్రార్థన, పాట ఒకే రోజులో అల్లుకొని ఉండడం వల్ల, పాడుతున్న మాటలకు అర్థం ఏమిటని ఆలోచించే తీరిక కూడా పిల్లలకు చిక్కుతుంది. చివరి రోజు ప్రదర్శన కోసమే పరుగులు తీయించే శిబిరాలకు ఈ మాట వర్తించదు.

రోజూ ఇంటికి తిరిగి వచ్చే పగటి శిబిరాలు ఖర్చులో తేలికే కాని, సాయంత్ర ఆరాధన ఉండదు గనుక వాటిని నేను మూడో స్థానంలోనే ఉంచుతాను.

అందుచేత సంఘ గాయక బృందంలో కనీసం ఒక సంవత్సరం నిలకడగా పాడినవారిని శిబిరానికి పంపమనీ, ఇంకా స్వరం కుదరనివారిని ఈ ఏడాది వారపు సాధనలోనే ఉంచమనీ నా సలహా. వీలైతే ఒకే సంఘం నుంచి నలుగురిని, భాగానికి ఒకరి చొప్పున, కలిపి పంపాలి. ఒంటరిగా వెళ్లి వచ్చిన ఆల్టోకు ఇంటి దగ్గర తన భాగాన్ని పాడే చోటే దొరకదు. నలుగురు వెళ్లి వస్తే, అక్కడ నేర్చిన ఒక్క కీర్తననైనా మరుసటి ఆదివారమే నాలుగు భాగాలతో సంఘానికి వినిపించగలుగుతారు.