సిట్రోయెన్ జాంటియా: పన్నెండేళ్లు నడిపాక, పాతది కొనేవారికి నా మాట

మేం ఉండేది ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో. పన్నెండేళ్ల కిందట 1999 నాటి సిట్రోయెన్ జాంటియా కారు కొన్నాను. 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజను, అప్పటికే లక్షా ఆరు వేల కిలోమీటర్లు తిరిగిన బండి. ఇప్పుడు మీటరు రెండు లక్షల నలభై వేలు దాటింది. స్ప్రింగులు లేని కారు ఎవరైనా కొంటారా అని అప్పట్లో నవ్విన మిత్రుడే, మొన్న అలాంటిదే తనకూ చూసిపెట్టమన్నాడు. ఎలా చూడాలో నాకు నేర్పింది మాత్రం నేను కొన్న బండి కాదు, కొనకుండా వదిలేసిన బండి.

దాన్ని చూడటానికి వెళ్లేసరికి ఇంజను నడుస్తూనే ఉంది. “మీరు వస్తున్నారని సిద్ధం చేసి ఉంచాను” అన్నాడు యజమాని. మర్యాదస్తుడనుకున్నాను. బండి నిటారుగా, అందంగా నిలబడి ఉంది. వీధి చివరి వరకు నడిపి చూస్తే లారీ కమాన్ కట్టల మీద కూర్చున్నట్టు నడుము అదిరింది. టైర్లలో గాలి ఎక్కువైందన్నాడు.

కారణం టైర్లు కావు. ఈ బండిలో ప్రతి చక్రానికీ ఒక ఉక్కు గోళం ఉంటుంది. గోళం మధ్యలో రబ్బరు పొర, దానికి ఒక పక్క నైట్రోజన్, మరో పక్క ఎల్‌హెచ్‌ఎమ్ అనే ఆకుపచ్చ నూనె. చక్రం గతుకెక్కితే నూనె గోళంలోకి తోసుకొచ్చి నైట్రోజన్‌ను నొక్కుతుంది. స్ప్రింగు పని గ్యాసుది, నూనె దూరే సన్నని రంధ్రాలది షాక్ అబ్జార్బర్ పని. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారుతో లోకానికి తెలిసిన పద్ధతే ఇది. అయితే ఏళ్లు గడిచేకొద్దీ బెలూన్‌లో గాలి తగ్గినట్టు రబ్బరు పొరలోంచి నైట్రోజన్ మెల్లగా జారిపోతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. బండిని ఎత్తి నిలబెట్టేది నూనె, గ్యాసు కాదు. అందుకే గోళాలన్నీ చచ్చినా బండి పెళ్లికొడుకులా నిలబడే ఉంటుంది. కంటితో చూసి మోసపోవడం చాలా తేలిక.

కాబట్టి ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూస్తానని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మరో రోజు రండి. సీట్ల మధ్య ఎత్తు మార్చే మీట ఉంటుంది. దాన్ని కిందికి పెట్టించి బండిని పూర్తిగా దించాక, మామూలు స్థానానికి మార్చి ఇంజను నడిపించండి. గేదె లేచినట్టు మొదట వెనక భాగం లేస్తుంది, తర్వాత ముందు భాగం. ఎర్రగా వెలిగే ‘స్టాప్’ దీపం ఆరిపోవాలి. అది ఆరకుండా కారు కదిలించకూడదు, ఎందుకంటే బ్రేకులకూ స్టీరింగ్‌కూ కూడా ఇదే నూనె ఆధారం.

బండి లేచాక మీట మళ్లీ ముట్టుకోకుండా, స్టీరింగ్ తిప్పకుండా బానెట్ తెరిచి చెవి పెట్టండి. ‘టిక్’ అని ఒక చప్పుడు వస్తుంది. పంపు ఒత్తిడి సుమారు 170 బార్లకు చేరగానే నియంత్రకం దాన్ని విశ్రాంతికి పంపుతుంది, 145 దగ్గరికి పడగానే మళ్లీ పనిలో పెడుతుంది. ఒక టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. నేను కొన్న బండిలో నలభై వచ్చాయి. వదిలేసిన దాంట్లో మూడు. అంటే చక్రాల గోళాలు కాక, ఒత్తిడిని నిల్వ ఉంచడానికి వేరేగా ఉండే ప్రధాన గోళం ఖాళీ అయింది, లేదా నూనె లోలోపల ఎక్కడో జారిపోతోంది. మొదటిది చవక రోగం, రెండోది ఖరీదైనది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష డిక్కీ అంచు మీద కూర్చోవడం. ఇంజను నడుస్తుండగా బరువంతా వేసి కూర్చోండి. వెనక భాగం మెత్తగా దిగాలి, కొన్ని సెకన్లు ఆగి మిమ్మల్ని మోసుకుంటూ తన పాత ఎత్తుకు లేవాలి. లేచి నిలబడితే ఒక్కసారి పైకి ఉబికి, మళ్లీ సర్దుకోవాలి. కూర్చున్నా అంగుళం కూడా దిగకుండా అరుగులా ఉందంటే వెనక గోళాల్లో గ్యాసు లేనట్టే. ముందు వైపు బంపర్ మీద రెండు చేతులతో నొక్కి చూస్తే చాలు.

పాత కారు అమ్మేవారు ఇక్కడ ఆరు నెలలు దాటని తనిఖీ పత్రం ఇవ్వాలి. దాన్ని తప్పకుండా చదవండి, కానీ నూనె కారడం గురించే అందులో తెలుస్తుంది, గోళంలో గ్యాసు ఎంతుందో ఎవరూ కొలవరు. ఇంకో మాట: ఎంత నమ్మకం కుదిరినా, స్టాండ్లు పెట్టకుండా ఈ బండి కింద తల దూర్చకండి. గొట్టం పగిలితే బండి చెప్పి దిగదు.

ఇన్నేళ్లలో నన్ను ఏడిపించింది గోళాలు కావు. గోళాలన్నిటినీ రెండుసార్లు మార్చాను. ముందువి బానెట్ తెరవగానే చేతికందుతాయి, ఒత్తిడి వదిలేసి మరచెంబు మూతలా తిప్పి తీయడమే. అసలు ఖర్చు వెనక చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌ల బేరింగులది. అవి అరిగితే వెనక నుంచి చూసినప్పుడు చక్రాల పైభాగాలు లోపలికి వాలి కనిపిస్తాయి, డిక్కీ నొక్కినప్పుడు కిర్రుమంటాయి. కొనేటప్పుడు నేను దీన్ని పట్టించుకోలేదు, ఏడాది తిరక్కుండానే అనుభవించాను. నూనెను తొట్టికి తిరిగి తెచ్చే రబ్బరు గొట్టాలు కూడా వయసుకు ఎండి చిట్లుతాయి. నేల మీద ఆకుపచ్చ మరక ఉందేమో చూసుకోండి.

తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకు నడుము నొప్పి. మా వీధిలో నాలుగు స్పీడ్ బ్రేకర్లు. మొదటిసారి గోళాలు మార్చిన మర్నాడు ఆమెను మార్కెట్‌కు తీసుకెళ్తుంటే, “నిన్నటిదాకా ఇక్కడ గట్లు ఉండేవి కదరా, తవ్వేశారా?” అని అడిగింది. ఏ మెకానిక్కూ ఇంత చక్కని నివేదిక ఇవ్వలేదు నాకు.

హైదరాబాద్‌లో మా బావ 2021లో మన దేశానికి వచ్చిన సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్ కారు పాతది చూసి, ఇవే పరీక్షలు చేయనా అని ఫోన్ చేశాడు. అక్కర్లేదు. అందులో ‘హైడ్రాలిక్ కుషన్లు’ అన్న మాట ఉన్నా అవి మామూలు స్ప్రింగులే, అదుర్లను ఆపే హైడ్రాలిక్ దిండ్లు మాత్రం అదనం. గోళాలు లేవు, ఎత్తు మార్చే మీటా లేదు.

ఈ ఉదయం బానెట్ తెరిచి మళ్లీ టిక్కులు లెక్కపెట్టాను. ఇరవై రెండు సెకన్లు. పోయిన ఉగాదికి ముప్ఫై ఐదు. ప్రధాన గోళానికి ఆర్డరు పెట్టాను, శనివారం వస్తుందట.